గేటు బావ సమ్మె

జూన్ 14

ఇందుమూలంగా బాలికల హాస్టల్ వార్డెను గారైన మా అక్కగారికిన్నీ, వారి చేతి కింద ఉన్న సమస్త ఆడపిల్లలకున్నూ, వంటవారికిన్నీ, వాచ్‌మన్‌కున్నూ తెలియజేయడమేమనగా: మన మెట్ల కింది బకెట్టు చేయి ఊడిపోయినది. ఊడగొట్టినది ఎవరన్నది విచారణలో ఉన్నది. ముద్దాయిని నేనే, జడ్జీనీ నేనే గనుక తీర్పు ఆలస్యమగును. కిందింటివాళ్ళ పిల్లి మన వంటింటి కిటికీ తన సొంత ఆస్తి అని ఆక్రమించినది. బీరువా తాళంచెవి నీ చేతిసంచిలో నీతోపాటే ప్రయాణమై పోయినందున మా బావగారు రెండే చొక్కాలతో కాపురం వెళ్ళదీయుచున్నారు. ఎవరికైనా అభ్యంతరములున్న యెడల రాతమూలకంగా తెలుపుకోవలెను.

చాలక్కా. ఈ భాష ఇంతకంటే రాదు నాకు. ఎనిమిదో తరగతిలో మాస్టారు బయటికి పొమ్మన్న రోజుతో ఇది నన్నొదిలేసింది. ఇక మామూలుగా రాస్తాను.

కింద నా షాపు బాగానే ఉంది. ఈ వారం మూడు తరాల ఫొటో ఒకటి ఫ్రేముకొచ్చింది. పటంలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఎంత ఖరీదైన అద్దం వేసినా వాళ్ళు కలిసేట్టు లేరు.

అసలు వార్త ఇప్పుడు చెబుతాను. గేటు బావ సమ్మెలోకి దిగాడు. ఇన్నేళ్ళూ సినిమా హాలు తలుపు దగ్గర నిలబడి, జనం టికెట్లు సగానికి చింపి లోపలికి తోసిన మనిషి ఇప్పుడు తన ఇంటి గుమ్మం దగ్గర తనే ఆగిపోతున్నాడు. టిఫిను తీసుకుని నేను పైకి వెళ్ళేసరికి గుమ్మానికి అవతల నిలబడి ఉంటాడు. రా బావా అంటే రాడు. కాళ్ళ కింద ఎవరో జిగురు పోసినట్టు, మడమలు లేపి లేపి అక్కడే తొక్కుతుంటాడు. ఏమైందంటే "ఏం లేదు" అంటాడు. నాకు మాత్రం అర్థమైపోయింది. మా అక్క తిరిగొచ్చేదాకా ఈ గుమ్మం దాటేది లేదని శాంతియుత సమ్మె. కావాలంటే మెళ్ళో ఒక అట్ట బోర్డు రాసి వేస్తాను, నా దగ్గర అట్టలకు కరువా.

నీ అల్లరి తమ్ముడు,
(సమ్మె కమిటీ కార్యదర్శి)


జూన్ 23

ఒరేయ్ కోతీ,

తాళంచెవి ఈ ఉత్తరంలోనే కుట్టి పంపుతున్నాను. కవరు చించేటప్పుడు కింద పడేసుకోకు.

నాకిచ్చిన గది చిన్నది. ఇనప మంచం, గోడకో అద్దం, కిటికీలోంచి చూస్తే బట్టలారేసే తీగలు. పొద్దున్నే ఆడపిల్లలు కుళాయిల దగ్గర తగువులాడుకుంటారు. గంట కొడితే సద్దుమణుగుతారు. ఇంట్లో కూడా ఒక గంట ఉండాల్సిందని ఇక్కడికొచ్చాక తెలిసింది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో, ఫోను చెయ్యకు. ఫోను ఆఫీసు గదిలో ఉంది. గుమాస్తా ఫైలు ముందేసుకుని చెవి మాత్రం నా వైపే తిప్పి కూర్చుంటాడు.

సమ్మె అని నవ్వులాటకే రాశావు. కానీ అది సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. నేను బయల్దేరిన రోజు నీకు గుర్తుందా? కింద ఆటో ఆగి ఉంది. నువ్వు పెట్టె మోసుకుని దిగావు. ఆయన గుమ్మం దాకా వచ్చాడు. సగం మెట్లు దిగి వెనక్కి తిరిగి చూశాను. గుమ్మం లోపలే నిలబడ్డాడు. మొహం గోడలా ఉంది. నవ్వూ లేదు, కోపమూ లేదు. ఒక్క అడుగు బయటికి వేసి "జాగ్రత్తగా వెళ్ళు" అనలేకపోయాడు. ఈ ఉద్యోగం వద్దని నోరు తెరిచి అని ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని. అనలేదు. ఊరికే నిలబడి నన్ను ఓడించాలని చూశాడు. ఇప్పుడు నేను లేని ఇంట్లో కూడా అదే పని అన్నమాట.

నిలబడనీ. కాళ్ళు నొప్పెడితే తనే కూర్చుంటాడు.

ఇంకో మాట. మీ ఇద్దరి నాటకాలు నాకు కొత్త కాదు. అప్పట్లో మా స్కూలు పెద్దమేడమ్ ఇంటికి విందుకి రావడం ఇష్టం లేక ఆయన కాలికి సిమెంటు కట్టు కట్టింది నువ్వు కాదూ? డాక్టరు చీటీ కూడా నీ చేత్తోనే రాశావు. నేను పిచ్చిదానిలా మంచం దగ్గరికి పళ్ళెం మోసి తినిపించాను. ఆఖరికి ఆ కట్టు బూటులా జారి నేలమీద పడింది. మీరిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నేనెలా నవ్వానో మీరు గమనించలేదు.

బకెట్టు విరగ్గొట్టింది నువ్వే. తీర్పు నేనిచ్చేశాను.

అక్క


జూలై 6

మహా ఘనత వహించిన జడ్జీ అక్కకు, శిక్ష ఖరారైన ముద్దాయి రాసుకున్నది.

కొత్త బకెట్టు కొన్నాను. చొక్కాలు బయటపడ్డాయి. బావ నీలం చొక్కా వేసుకున్నాడు గానీ బొత్తాలు పెట్టుకునేసరికి సినిమా ఇంటర్వెల్ దాకా వచ్చింది.

హాల్లో జరిగింది చెబుతాను. ఆటయ్యాక జనం బయటికొచ్చే వేళకి బావ గుమ్మం తెర పక్కకి లాగి తలుపు మధ్యలోకి వచ్చాడు. అంతే, అక్కడ ఆగిపోయాడు. వెనక జనం, ముందు జనం. ఎవడో ఈల వేశాడు. "అన్నా, నువ్వే సినిమావా, ఇంకా చూడాలా?" అన్నాడు ఇంకొకడు. ఆపరేటరు పరుగెత్తుకొచ్చి సాయం చేద్దామని చెయ్యి పట్టి లాగాడు. బావ ఒళ్ళు ముందుకొచ్చింది, కాళ్ళు రాలేదు. బోర్లా పడేవాడే, తలుపు చట్రం పట్టుకుని ఆగాడు. కాసేపటికి అదే మనిషి పక్కనున్న ఇనప మెట్లు గబగబా ఎక్కి ప్రొజెక్టరు గదిలోకి టీకి వెళ్ళాడు. చూసినవాళ్ళేమనుకోవాలి?

నేనూ ఒక పరీక్ష పెట్టాను. మనింటి గుమ్మంలో నా గొడుగు అడ్డంగా పడేశాను. కాలెత్తి గొడుగు దాటి బయటికొచ్చాడు, చక్కగా, దొరలా. గొడుగు తీసేశాను. ఆగిపోయాడు. మళ్ళీ పెట్టాను. వచ్చాడు. అడ్డం ఉంటే నడుస్తాడట, దారి తెరిచి ఉంటే ఆగుతాడట. మన కుటుంబానికి ఇంతకంటే సరిపోయే అల్లుడు దొరకడని అప్పుడే మొహమ్మీద అన్నాను. నవ్వాడనుకుంటాను. ఈమధ్య అతను నవ్వాడో లేదో చెప్పడం కష్టంగా ఉంది.

అతని చేతిరాత నువ్వు చూడాలి, హాలు లెక్కల్లో సంతకం పెడితే చీమ పాకినట్టుంటోంది. గొంతు కూడా తగ్గింది. నాకూ అనుమానంగానే ఉందక్కా, ఇతను నటిస్తున్నాడా అని. కాకపోతే నటించేవాడికి అంత చెమట పట్టదు. ఆ రోజు హాలు తలుపులో అతని చొక్కా వెనకంతా తడిసిపోయింది.

ఏం చెయ్యమంటావో రాయి.

గొడుగు పరిశోధకుడు


జూలై 15

ఏం చెయ్యాలో అడిగావు కాబట్టి చెబుతున్నాను.

గొడుగు దాటే మనిషి గుమ్మం దాటలేడా? ఇనప మెట్లెక్కే మనిషి చదునైన నేలమీద నడవలేడా? నువ్వే పరీక్ష పెట్టావు, నువ్వే జవాబు రాశావు, మళ్ళీ నన్నడుగుతావేం?

నేను వెళ్ళొద్దన్న మాట నోటితో అనలేని మనిషి కాళ్ళతో అంటున్నాడు. నన్ను ఉద్యోగం మానిపించి, ఆ గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలని ఉంది ఆయనకి. ఇక్కడ నేను లేస్తే పిల్లలు లేస్తారు, కూర్చుంటే కూర్చుంటారు. నా మాటకి ఒక విలువ ఉందని ఈ వయసులో తెలిసింది. దాన్ని ఆయన కాళ్ళకింద వేసి తొక్కనివ్వను.

ఇది ఆయనకి చదివి వినిపించు. నువ్వు మధ్యలో మింగే రకానివి. ఒక్క అక్షరం మింగకుండా చదువు: నాటకం ఆపమను. నాటకం చూడ్డానికి నేను రాను. వచ్చినా లోపలికి రాను, రోడ్డు మీదే నిలబడి చూసి వెళ్ళిపోతాను.

అక్క


ఆగస్టు 3

అక్కా,

ఈసారి వెక్కిరింతలు లేవు. ఒకటో రెండో వస్తే అది నా పాడు అలవాటు, క్షమించు.

బావని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వరండాలో నడవమన్నారు. పెళ్ళికొడుకులా నడిచి చూపించాడు. నా పరువు పోయిందనుకున్నాను. డాక్టరు ఏదో రాసుకుని ఇక వెళ్ళండి అన్నారు. లేచి, తిరిగి, తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆగిపోయాడు. పాదాలు వణుకుతూ చిన్నచిన్నగా అక్కడే కొట్టుకుంటున్నాయి. డాక్టరు కలం కిందపెట్టి లేచి నిలబడ్డారు. నేను లాగబోతే "ముట్టుకోకండి" అన్నారు. కాసేపు చూశారు. కూర్చోబెట్టి చాలా అడిగారు. వాసన తెలుస్తోందా, నిద్రలో కలవరిస్తాడా, చెయ్యి ఊపకుండా నడవడం ఎప్పట్నించి. అన్నిటికీ బావ చెప్పిన జవాబులు విని నాకే సిగ్గేసింది. మెట్ల కిందే ఉండి ఒక్కటీ చూడలేదు.

పార్కిన్సన్స్ అన్నారు. వణుకు పెద్దగా లేకపోయినా అదేనట. మాత్రలు రాసిచ్చారు, చీటీ జతచేస్తున్నాను; మాత్ర పనిచేసినంతసేపూ కాళ్ళు మాట వింటాయట.

నాకర్థమైనంత చెబుతాను. నడక మనం నడిచేది కాదట. మెదడు లోపల ఒక గుమాస్తా ఉండి, మనల్ని అడక్కుండానే ఒక అడుగు తర్వాత ఇంకో అడుగుకి సంతకాలు పెట్టేస్తుంటాడట. బావ గుమాస్తా సెలవు పెట్టాడు. తిరిగొచ్చేట్టు లేడు. ఇప్పుడు ప్రతి అడుగుకీ ఆఫీసరే స్వయంగా సంతకం పెట్టాలి. గుమ్మం వచ్చినా, మలుపు తిరగాలన్నా, జనం తోసినా, ఎవరైనా "త్వరగా" అన్నా ఫైలు ఆగిపోతుంది. గొడుగు అడ్డం పెడితే కంటికి ఒక పని కనబడుతుంది. దాన్ని దాటడమనే పని ఆఫీసరు చేతిలోది. అందుకని కదులుతాడు. మెట్లూ అంతే. సైకిలైతే ఇప్పటికీ తొక్కుతాడు, ఎక్కడం దిగడమే తిప్పలు. డాక్టరు వద్దన్నారు. వినే రకమా?

వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పినట్టు నేలమీద గీతలు వేశాను. ఫ్రేముల వెనక అంటించే గోధుమరంగు కాగితం టేపు ఉంటుంది చూడు, అది. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మంలో, బాత్‌రూము ముందు, అడుగు పట్టేంత దూరంలో అడ్డంగా. మనిల్లు ఇప్పుడు విమానాలు దిగే చోటులా ఉంది. ఆగిపోయినప్పుడు లాగకూడదు, తొందరపెట్టకూడదు. ముందు ఆగమనాలి, బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకి మార్చమనాలి, తర్వాత గీత మీదకి అడుగు. నేను పక్కన నిలబడి ఒకటి, రెండు అని అంటాను. నా గొంతుకి నడిచే మనిషి ఉంటాడని ఎవరనుకున్నారు.

మొహం గురించి కూడా అడిగాను. గోడలా ఉందని నువ్వు రాశావు కదా. అదీ జబ్బేనట. లోపల అన్నీ ఉంటాయట. మొహం దాకా రావట.

నీ ఉత్తరం చదివి వినిపించాను. వేళ్ళు బిగిసిపోయి కాగితాలు తిప్పలేడు కాబట్టి ఎలాగూ నేనే చదవాలి. నువ్వు చెప్పినట్టే ఒక్క అక్షరం మింగలేదు. అది డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు, నాకింకా ఇది తెలియనప్పుడు. అంతా విని "సరే" అన్నాడు. 

నేను షాపులో ఉంటే పైన ఒక్కడే. హాలు వాళ్ళు సైకిల్ స్టాండులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇంట్లో ఇంకో మనిషి ఉండాలని, పడితే ప్రమాదమని డాక్టరు అన్నారు. రా అక్కా.

తమ్ముడు


ఆగస్టు 12

తమ్ముడికి,

చదివాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి సైకిలు దగ్గర ఆగిపోయాను.

గుమ్మం దాటలేని మనిషి సైకిలు తొక్కుతాడు. డాక్టరు ముందు పెళ్ళికొడుకులా నడుస్తాడు. గుమాస్తా, ఆఫీసరు, సంతకం, ఇవన్నీ డాక్టరు మాటలు కావు, నీవి. డాక్టరు చీటీ జతచేశావు. కిందటిసారి సిమెంటు కట్టుకీ జతచేశావు. దానిమీద కూడా ముద్ర ఉంది.

ఏది నమ్మాలో నాకు తెలియకుండా చేసింది మీరిద్దరే. ఇది నిజమైతే నా పాపం. అబద్ధమైతే మీ పాపం. నువ్వు ఇన్నాళ్ళూ నన్ను నవ్వించిన నవ్వులన్నిటికీ ఈ రోజు లెక్క వస్తోంది.

కిటికీ అవతల తీగమీంచి దుప్పటి ఒకటి కిందపడింది. వెళ్ళి తియ్యాలి.

అక్క


ఆగస్టు 19

నమ్మకు. చీటీ చించెయ్. వచ్చి నీ కళ్ళతో చూడు. ముందుగా చెప్పకుండా రా, అప్పుడు నాటకానికి తెర కట్టే టైము మాకుండదు.

ఇంతకంటే రాస్తే బూతులొస్తాయి. నువ్వు పెద్దదానివి.


ఆగస్టు 31

తమ్ముడూ,

వచ్చాను. నీకు తెలియదు. ఆదివారం నీ షాపు మూసి ఉంది. చెప్పకుండా రమ్మన్నావుగా, అలాగే వచ్చాను.

దారంతా నీ గీతల గురించే ఆలోచించాను. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా అని రాశావే, నేను వెళ్ళి ఆ ఆఖరి గీత దగ్గర నిలబడాలనుకున్నాను. సంచిలో ఆయనకి కొత్త చెప్పులు కూడా కొన్నాను. మడమ దగ్గర పట్టీ ఉన్నవి, కాలు జారకుండా.

మన ఇంటి ఎదురుగా మందుల షాపు అరుగు మీద ఆగాను. ఎందుకాగానో తెలియదు. ఊపిరి తీసుకుందామని కావచ్చు. అప్పుడే ఆయన సైకిలు మీద సందు తిరిగి వచ్చాడు. నీలం చొక్కా. కుర్రాడిలా తొక్కుతున్నాడు. దిగాడు. సైకిలు పట్టుకుని నిలబడి తలెత్తాడు. నన్ను చూశాడు. చూడలేదనకు. ఇన్నేళ్ళు కాపురం చేసిన దాన్ని, ఆయన చూపు నా మీద పడిందో లేదో నాకు తెలియదా?

మధ్యలో రోడ్డు. ఒక్క బండి లేదు. నేను చెయ్యెత్తాను.

ఆయన ఎత్తలేదు. తల ఊపలేదు. అడుగు కదల్లేదు. ఆటో ఎక్కిన రోజు గుమ్మంలో ఎలా ఉన్నాడో అలాగే. ఆ రోజైనా గుమ్మం అడ్డమని అనుకోవచ్చు, ఇక్కడ గుమ్మం కూడా లేదు. నేను ఎత్తిన చెయ్యి దించుకోవడానికి ఎంత సిగ్గుపడ్డానో నీకు చెప్పలేను. మందుల షాపతను "ఏం కావాలమ్మా" అన్నాడు. ఏమీ వద్దన్నాను. ఆయన ఇంకా అక్కడే నిలబడి చూస్తూనే ఉన్నాడు. నేనే తిరిగి స్టేషను దారి పట్టాను.

చెప్పులు రైల్లో వదిలేశాను.

నేను ఒకటే అడగదలుచుకున్నాను. ఆ ఆదివారం ఆయన రాలేకపోయాడా, రాలేదా? నీ దగ్గర నిజం ఉంటే రాయి. లేకపోతే రాయకు. ఇక నేను రాయను.

అక్క


సెప్టెంబరు 6

అక్కా,

నువ్వు వచ్చిన సంగతి నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. బావ చెప్పలేదు. చెప్పే పరిస్థితీ లేదు. నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున బాత్‌రూము గుమ్మంలో పడ్డాడు. అక్కడ టేపు తడికి ఊడిపోయింది. మళ్ళీ అంటించాలనుకుంటూ నేను వాయిదా వేశాను. కుడి మణికట్టు విరిగింది. నుదురు చిట్లింది. ఇప్పుడు చేతికి కట్టుంది. ఈసారి బూటులా జారదు.

నీ ఉత్తరం నిన్న అతనికి చదివాను. చెప్పుల దగ్గర ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. అయ్యాక అడిగాను: ఆ రోజు ఏమైంది బావా అని. చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"రోడ్డుకి అవతల మీ అక్క కనబడింది. వెళ్దామనుకున్నా. కాళ్ళు నేలని కరుచుకున్నాయి. చెయ్యెత్తుదామంటే హ్యాండిలు వదిలితే పడతాను. తను వెళ్ళిపోతుంటే పిలిచాను. గొంతు రోడ్డు దాటలేదు."

అంతే.

నువ్వడిగావు కదా, రాలేకపోయాడా, రాలేదా అని. ఇదీ జవాబు. చదివి ఏం చేస్తావో నీ ఇష్టం.

తమ్ముడు


సెప్టెంబరు 13

ఒరేయ్,

నీ ఉత్తరం భోజనాల గదిలో చదివాను. పిల్లలందరూ పళ్ళాల ముందు కూర్చుని ఉన్నారు. గంట కొట్టడం మర్చిపోయాను. వాళ్ళే ఒకరినొకరు చూసుకుని తినడం మొదలుపెట్టారు.

నిజంగా అలా అన్నాడా? అన్నాడులే. ఆ మాటలు నీవి కావు. అంత పొదుపుగా మాట్లాడడం నీకు పుట్టుకతో లేదు. నువ్వు కల్పించి ఉంటే అందులో గుమాస్తా ఉండేవాడు, ఏనుగో గుర్రమో ఉండేది. "గొంతు రోడ్డు దాటలేదు" అన్నది ఆయనే అన్నాడు. నాకు ఆయన గొంతులోనే వినబడింది.

నేను చెయ్యెత్తి, ఆయన ఎత్తలేదని కోపం తెచ్చుకున్నాను. రోడ్డు దాటడానికి నా కాళ్ళకేం జబ్బు? నేనెందుకు దాటలేదు?

ఉద్యోగం వదులుతున్నానని రాసిచ్చాను. పైవాళ్ళు సెలవు పెట్టమన్నారు, వద్దన్నాను. సగం సగం మనసుతో ఇక్కడుండి ఏం చేస్తాను. ఇరవయ్యో తేదీ సాయంత్రం రైలెక్కుతాను. స్టేషనుకి రావద్దు. ఆయన్ని ఒక్కణ్ణి వదిలి ఎక్కడికీ కదలకు. బాత్‌రూము ముందు టేపు కాదు, రంగుతో గీతలు వెయ్యి, తడికి ఊడకుండా.

నేనొచ్చాక గుమ్మం బయట నిలబడతాను. లాగను. "త్వరగా" అనను. ఎంతసేపైనా నిలబడతాను. నిలబడడం ఎలాగో ఆయన దగ్గరే నేర్చుకున్నాను కదా.

చెప్పుల కొలత ఇప్పటికీ అదేనా?

అక్క


సెప్టెంబరు 20

అక్కా,

ఈ ఉత్తరం ఇవాళ పోస్టు చేస్తున్నాను. తెలిసే చేస్తున్నాను. ఇది మీ హాస్టల్‌కి చేరేసరికి నువ్వక్కడ ఉండవు. ఆ చెవుల గుమాస్తా దీని మీద మన అడ్రసు రాసి తిరగ్గొడతాడు. అది తాపీగా తిరిగి మనింటికొచ్చేసరికి నువ్వొచ్చి చాలా రోజులై ఉంటుంది. అప్పటికి మాత్రల వేళలు నీకు కంఠతా వచ్చి ఉంటాయి. బావ ముందు నువ్వు వెనక్కి నడుస్తూ ఒకటి, రెండు అంటూ ఉంటావు. పోస్టుమాన్ దీన్ని నీ చేతికిస్తాడు. చేతిరాత చూసి, మెట్ల కింద ఉన్న మనిషి పోస్టులో రాయడమేంటి, మళ్ళీ ఏం వేషం వేశాడు అనుకుంటావు. ఇంతవరకు నవ్వు. ఇక్కణ్ణుంచి వద్దు.

గీతలు రంగుతో వేశాను. పసుపుపచ్చ. బావే రంగు చెప్పాడు. చెప్పుల కొలత అదే.

నా వేళాకోళాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు బయటపడేట్టే కడతాను. ఫ్రేముకి వెనక అట్ట విప్పేట్టు మేకులు కొట్టినట్టు. సిమెంటు కట్టు కూడా జారేట్టే కట్టాను. బయటపడకుండా ఉండిపోతే అది వేళాకోళం కాదు, మోసం. ఆ ఒక్క పని నీ విషయంలో నేను చెయ్యలేను. అలాగని ముందే చెబితే నువ్వు రైలెక్కవు. నువ్వు రావాలి. నావల్ల కావడం లేదు. అతన్ని లేపలేక నేను మెట్ల కింద కూర్చుని ఏడ్చాను, ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

జబ్బు నిజం. డాక్టరు నిజం. గుమాస్తా నాది గానీ సెలవు పెట్టింది నిజం. నువ్వు ఆటో ఎక్కిన రోజు గుమ్మంలో ఆగింది జబ్బే. ప్రమాణం చేసి చెబుతాను, ఆ రోజు అతను నీ వెనక రాబోయాడు, రాలేకపోయాడు. హాలు తలుపు, డాక్టరు తలుపు, బాత్‌రూము గుమ్మం, అన్నీ జబ్బే.

మందుల షాపు ఎదుట సంగతి నేను అడిగినప్పుడు బావ నిజంగా చెప్పింది ఇది:

"ఆ వేళకి మాత్ర బాగా పనిచేస్తోంది. కాళ్ళు ఫస్టుగా ఉన్నాయి. ఎక్కడికైనా నడిచేవాణ్ణి."

మరి వెళ్ళలేదేం బావా అన్నాను.

"రోడ్డు మీద నిలబడి చూసి వెళ్తానని రాసింది కదా, నువ్వే చదివావు. టికెట్టు కొనకుండా బయట నిలబడి చూసేవాళ్ళని లోపలికి పిలవడం నా ఉద్యోగం కాదు. చూడనిచ్చాను."

నువ్వు వెళ్ళిపోయాక సైకిలు గోడకి ఆనించి, మెట్లెక్కి, గుమ్మం దాటి లోపలికి వెళ్ళి కూర్చున్నాడట. ఒక్క గీత అవసరం రాలేదట.

నీ పదమూడో తారీఖు ఉత్తరం కూడా చదివి వినిపించాను. "నేనలా అనలేదే" అన్నాడు. అనలేదు బావా, కానీ అన్నావు అన్నాను. మొహంలో ఏమీ లేదు. జబ్బో, పంతమో, సిగ్గో, ఆ గోడ మీద చదవడం నాకింకా రాలేదు. నేను లేచి షాపుకి దిగిపోబోతుంటే వెనకనుంచి అడిగాడు.

"అయితే వస్తుందా?"

వస్తుందన్నాను. ఆ నీలం చొక్కా ఉతికి పెట్టమన్నాడు.

మిగతా రోజులన్నీ నీ ఎదుట నిలబడింది రోగం అక్కా. ఆ ఒక్క ఆదివారం మాత్రం నీ మొగుడు. ఆ మొగుడితో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. కావాలంటే పోట్లాడు, ఇప్పుడు నోరు తెరిచి అన్నాడు కాబట్టి నువ్వు గెలవొచ్చు. పోట్లాడేటప్పుడు ముందు ఒక కుర్చీలో కూర్చోబెట్టు.

కాళ్ళు నేలని కరుచుకోవడం, హ్యాండిలు వదిలితే పడతాననడం, గొంతు రోడ్డు దాటకపోవడం, నీకు ఆయన గొంతులో వినబడిన ఆ నాలుగు మాటలూ నేను షాపులో అద్దం తుడుస్తూ అల్లినవి. ఆ రోజు అతను నిన్ను అసలు పిలవనే లేదు.